గార్డు నంజుండప్ప వెనక్కి తీసుకున్న మాట

మా చిన్నాయన నంజుండప్ప గారు పరమపదించారన్న వార్తను నాకు మొదట తెచ్చినవాడు మదనపల్లె రెడ్డెప్ప. ఫోను చేయలేదు. బస్సు దిగి ఎండలో నడిచి పుంగనూరులో మా వాకిటిదాకా వచ్చాడు. గుమ్మం అవతల ఆయన్ను చూడగానే పోట్లాటకు వచ్చాడనుకున్నాను. అలా రావడానికి ఆయనకు తగిన కారణమే ఉంది. ఆయన చెప్పులు వదిలి తల వంచుకొని నిలబడ్డాడు.

"అమ్మా, ముందు మీరు కూర్చోండి."

నేను కూర్చోలేదు.

"పెద్దాయన మా ఇంట్లోనే పోయినాడమ్మా. పదిగంటలప్పుడు. ఆస్పత్రికి ఎత్తకపోయినాము. ప్రాణం లేదనేసినారు. ఇది ఫోన్లో సెప్పే మాట గాదని వస్తి."

పొద్దున ఏడున్నరకు నా చేతి కాఫీ తాగి, చొక్కా గుండీలు సరిచూసుకొని, ఎనిమిది గంటల బస్సుకని బయలుదేరిన మనిషి. మధ్యాహ్నానికి లేరన్నారు. ఏ దేవుణ్ణి తలచుకోవాలో కూడా తోచలేదు. తర్వాత మెల్లగా తెలివి వచ్చి, బతికినన్నాళ్లూ ఎవరికీ భారం కాకుండా, ఎవరి సేవా కోరకుండా పోయిన ఆ పుణ్యాత్ముణ్ణి మాకు ఇన్నేళ్లు ఇచ్చినందుకు స్వామికి దండం పెట్టుకున్నాను.

మన నమూనా రైళ్ల పత్రిక సంపాదకులు సంస్మరణ రాయమని అడిగారు. రాస్తున్నాను. అయితే ఆయన మీతో చెప్పాలనుకొని చెప్పలేకపోయిన మాట ఒకటి ఉంది. ఆ మాట మీ చెవిన పడడం మీద మదనపల్లెలో ఒక మనిషి పనీ, పేరూ ఆధారపడి ఉన్నాయి. చిన్నాయన గుణగణాలు చెప్పుకుంటూ ఆ మాట దగ్గరకే వస్తాను.

మన పత్రికలో 'తొలిపరుగు' శీర్షిక చదివే పాతవారికి ఆయన్ను పరిచయం చేయనక్కరలేదు. కొత్తగా చేరినవారి కోసం రాస్తున్నాను. ఆయన మా నాన్నకు స్వయానా తమ్ముడు. ఉద్యోగ జీవితమంతా కుప్పం మీదుగా పోయే లైనులో గూడ్సు బండి గార్డు. పిల్లలు లేరు. మా చిన్నమ్మ కాలం చేశాక, ఉద్యోగ విరమణ పొంది, పుట్టిన ఊరు పుంగనూరు చేరి మా పక్కింట్లో ఉన్నారు. నిజం బండిని ఎనభై ఏడో వంతుకు కుదించి చేసే నమూనా రైళ్లు ఆయన ఏకైక వ్యసనం. అందులోనూ ఇంజన్ల మీద ఆయనకు మోజు లేదు. కొత్తగా విడుదలైన ప్రతి గూడ్సు వ్యాగన్‌నూ తెప్పించి, పరీక్షించి, ఉన్నదున్నట్టు మన పత్రికకు రాసేవారు. వ్యాగన్లే ఎందుకని ఒకసారి అడిగాను.

"ఇంజన్ను అందురూ సూస్తారు పాపా. గూడ్సు పెట్టెను ఎవురు సూస్తారు? బతుకంతా దాని ఎనకాలే పోయినోణ్ణి, నేను గాకపోతే."

పుంగనూరుకు రైలు లేదు. మా ఊరికి రైలు తెచ్చింది నంజుండప్ప ఒక్కడే అని వీధి చివరి టీ అంగట్లో పరాచికాలాడేవారు. "ఏం గార్డు సార్, ఈ దినం బండి లేటా?" అని ఎవరైనా అంటే, "నీ టీ కంటే ముందే వచ్చేసిందిలే అప్పా" అని జవాబిచ్చేవారు. ఆయన ముందరింట్లో, అంటే వీధి వైపు గదిలో, గోడ నుంచి గోడదాకా బల్ల, దాని మీద రెండు చుట్లు పట్టాలు, ఒకటి పోయే లైను, ఒకటి వచ్చే లైను. అంతే. స్టేషను బొమ్మ లేదు, కొండ లేదు, చెట్టు లేదు. చెట్టయినా పెట్టకూడదా చిన్నాయనా అంటే, "కిటికీలోంచి కనపడతాండాయి గదా, మల్లా బల్లమీద గూడా యాల?" అనేవారు.

ఆ పరీక్ష విధానం ఒక వ్రతం లాంటిది. కొత్త వ్యాగన్ పార్సిలు రాగానే విప్పకుండా మా దేవుడి గూటి పక్కన పెట్టమనేవారు. భక్తితో కాదు, అక్కడైతే ఎవరూ ముట్టరని. తర్వాత కుప్పం వెళ్లి, ఆ రకం నిజం వ్యాగన్ పోయేదాకా ప్లాట్‌ఫారం మీద కాచుకొని చూసి వచ్చేవారు. అప్పుడు పార్సిలు విప్పడం. మొదట కంటితో చూపు, తర్వాత కొలత, ఆ తర్వాత బరువెత్తించి మూడు రోజుల పరుగు. బరువుకు ఇనుమూ సీసమూ కాదు, ఉలవలు. మా పొలం ఉలవలు కంసాలి తరాజులో తూచి పది తులాలు పోసేవారు. బండి తిరుగుతుంటే కళ్లు మూసుకొని చక్రాల చప్పుడు వినేవారు. "ఖాళీ పెట్టె మాట నమ్మగూడదు పాపా. బరువెత్తినంక ఏం సెప్తాదో అదే దాని మాట" అని ఎన్నిసార్లు అన్నారో లెక్క లేదు.

ఆయనకు ఒక కఠిన నియమం కూడా ఉండేది. పరీక్షించిన వ్యాగన్‌ను, ఫలితం అచ్చయి ఆ పై నెల సంచిక కూడా వచ్చేదాకా, తయారుచేసినవారికి చూపించేవారు కారు. పూర్వం ఒకాయన "ఒక్క నిమిషం ఇట్లియ్యండి" అని తీసుకొని, చక్రాన్ని గుట్టుగా ఆకురాయితో రాసి, మొదటినుంచీ ఇది ఇంతేనని వాదించాడట. అప్పటినుంచి ఆ కట్టుబాటు. దానివల్లే మీరందరూ ఆయన మాటను నమ్మారు. ఆయన బాగుందన్నది కొన్నారు, ఆగమన్నదానికి ఆగారు. ఆ కట్టుబాటే ఒక నిరపరాధికి శిక్ష అయిందని రాయవలసి రావడం నా ప్రారబ్ధం.

నేను ఆయనకు లేఖకురాలినైన తీరు కూడా చెప్పాలి. బడి మొహం చూసినదాన్ని కాను. చిన్నప్పుడు మేమున్న నిమ్మనపల్లె దగ్గరి పల్లెలో, ఇంట్లో దీపం ముందర, నాన్న పురాణం చదివించి అక్షరాలు నేర్పారు. చిన్నాయనకు చేతి వణుకు మొదలైనప్పుడు, ఊళ్లో చదువుకున్నవారు ఇందరుండగా నన్నే పిలిచి కలం చేతికిచ్చారు. నాకు చేతకాదన్నాను. "నీకు గొప్ప మాటలు రావు. అదే కావాల్సింది. ఉండేది ఉండేట్లు రాస్తావు" అన్నారు. కొలిచే పరికరం పట్టడం, వెంట్రుకవాసి తేడా చదవడం ఆయనే నేర్పారు. వ్యాగన్ ఎత్తడం, తిప్పడం, కొలత చదవడం నా పని. కళ్లు మూసుకొని ఆలోచించి మాట చెప్పడం ఆయన పని. ఇంటిపనిలో కొట్టుకుపోయే నా బతుక్కు ఆ కలం ఒక వరం. ఆ కృతజ్ఞత ఎన్ని జన్మలకైనా తీరదు.

ఇక రెడ్డెప్ప సంగతి. ఈయన మదనపల్లెలో మగ్గాలు మరమ్మతు చేసేవాడు. పనితనం గలవాడు. మన పత్రిక చదివే ఈ పిచ్చిలో పడ్డాడు. చివరికి మగ్గాల పని మానుకొని, ప్లాస్టిక్ రేకులు కోసే మిషనొకటి బెంగళూరులో అప్పు మీద కొని, ఇంట్లోనే మూత వ్యాగన్ తయారుచేశాడు. ధాన్యం, సిమెంటు మోసే రకం, పైకప్పూ తలుపులూ ఉన్నది. మనవైపు చేతులతో చేసి విడుదలైన మొదటి మూత వ్యాగన్ అదే. మొదటి విడత సిద్ధం చేసి, ఒకటి చిన్నాయనకు పంపి, 'తొలిపరుగు' కోసం కాచుకున్నాడు.

పార్సిలు దేవుడి గూటి పక్కన చేరింది. మరునాడు పలమనేరు మీదుగా బస్సులో నేనూ చిన్నాయనా కుప్పం వెళ్లాం. రెండు గంటలు ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం. టీ అమ్మే ముసలాయన పలకరించాడు.

"మల్లా వస్తివా అప్పా? గూడ్సు ఈడ ఆగదు గదా, ఏం సూస్తావు?"

"ఆగితే సూసేదేముండాది? పోయేటప్పుడే దాని గుణం తెలిసేది."

బండి వచ్చింది. మూత వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి ఊగుతూ పోయాయి. ఆయన లేచి నిలబడి, చివరి వ్యాగన్ దాటేదాకా రెప్ప వేయలేదు. "తలుపు అంచున రేకు మడత సూసినావా పాపా? రెడ్డెప్ప ఆ మడత ఏసినాడో లేదో ఇంటికి పొయ్యి సూస్తాము" అన్నారు. ఇంటికొచ్చి పార్సిలు విప్పాం. మడత ఉంది. గోరంచు కన్నా సన్నంగా, ఉండవలసిన చోట ఉంది. "ఏసినాడు" అన్నారు చిన్నాయన. ఆ ఒక్కమాటలో ఎంత సంతోషం ఉందో పక్కనున్న నాకే తెలుసు.

బరువెత్తించే దగ్గర చిక్కొచ్చింది. ఇంతకాలం వచ్చినవి ఎక్కువగా పైకప్పు లేని వ్యాగన్లు. ఉలవలు కుప్పగా పోసేవారం, తర్వాత వంచేసేవారం. ఇది మూత వ్యాగన్. బరువు వేసుకోవడానికి అడుగున చిన్న రంధ్రం, దానికో బిరడా. పది తులాల ఉలవలు పోస్తే లోపల ముప్పావు వంతు నిండింది. మలుపు తిరిగినప్పుడల్లా గింజలు ఒక కొనకు దొర్లి, చప్పుడు తప్పుగా వినిపించింది. నేను వంటకని మా ఇంటికి వచ్చిన సమయంలో, గింజలు కదలకుండా ఉండాలని చిన్నాయన తెల్ల గోందు నీళ్లలో కలిపి, చిన్న గ్లాసెడు, ఆ రంధ్రంలోంచి పోశారు. ఆ దినం బండి చక్కగా తిరిగింది.

మరునాడు కుప్పంలో ఆయన పాత స్నేహితుడి ఇంట పెళ్లి. రెండు దినాలు అక్కడే ఉండాలి. "పోస్తిమి గదా పాపా, ఆ ఉలవలు తీసేసి పెట్టెను అల్మరాలో పెట్టు. కొంచెం గోందు తగిలుంటాది, సూదితో కదిలించు. మిగిలిన రెండు దినాల పరుగు నేను వచ్చినంక తిప్పుదాము" అని వెళ్లారు. నేను బిరడా తీసి వ్యాగన్‌ను రంధ్రం కిందికి ఉండేలా ఎత్తి తట్టాను. ఒక్క గింజ రాలలేదు. ఆయనే తీసేసి మరిచిపోయి చెప్పి ఉంటారనుకున్నాను. చేతికి బరువుగానే తోచింది. కొత్త తయారీ, బరువు లోపలే పెట్టి ఉంటారనుకున్నాను. బిరడా బిగించి అల్మరాలో పెట్టాను. పెళ్లి నుంచి వచ్చి ఆయన అడిగారు.

"ఖాళీ చేసినావా పాపా?"

"అయింది చిన్నాయనా."

ఆ ఒక్కమాట నాది.

వ్యాగన్ దించి చూస్తే రెండు పక్కల గోడలూ ఉబ్బి ఉన్నాయి. నేను కొలిచి అంకె చదివాను. ఆయన నమ్మలేదు. మళ్లీ కొలవమన్నారు. నాలుగుచోట్ల కొలిచాను. అప్పుడు ఆయన ముఖంలో నేను చూసింది కోపం కాదు. మనసుకు నచ్చిన వస్తువు మోసం చేసిందన్న బాధ. చాలాసేపు కళ్లు మూసుకొని, రాయమన్నారు. "చూపుకు అందంగా ఉంది. రెండు దినాలు ఖాళీగా ఉంచితే గోడలు ఉబ్బాయి. రేకు పదును లేనిది. కొనదలచినవారు ఆగండి." మీరు చదివినది అదే. రాసిన చెయ్యి నాది.

సంచిక మీకు చేరిన వారంలోనే, కొంటామని అడిగినవారిలో ఇంచుమించు అందరూ వద్దన్నారని రెడ్డెప్ప స్వయంగా వచ్చి చెప్పాడు. ఆ మధ్యాహ్నం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. ఆయన బల్ల దగ్గరకు కూడా రాలేదు. తలుపు పక్కనే నిలబడ్డాడు.

"సార్, ఆ పెట్టెను ఒక్కతూరి సూపించండి. ముట్టను. దూరాన్నుంచే సూస్తా."

"నా కట్టుబాటు నీకు తెలుసు గదా రెడ్డెప్పా. వచ్చే నెల సంచిక అయినంక సూద్దువు."

"వచ్చే నెలకు నా మిషను ఉండదు సార్. బెంగళూరాయన శుక్రారం వచ్చి ఎత్తకపోతానంటాండాడు."

"నా కొలత తప్పయితే తప్పని సెప్పు."

"తప్పని నేను యాడ సెప్తాండాను? గోడ ఉబ్బిందంటే ఉబ్బే ఉంటాది. యాల ఉబ్బిందో నాకు తెలియాల గదా సార్. తెలిస్తే దిద్దుకుంటా. తెలియకపోతే నేనేం దిద్దుకునేది?"

నేను మజ్జిగ తెచ్చాను. "వద్దమ్మా, గొంతు దిగదు" అని రెడ్డెప్ప వెళ్లిపోయాడు. ఆయన మలుపు తిరిగేదాకా చిన్నాయన కిటికీలోంచి చూశారు. "ఒకరికి సడలిస్తే అందురికీ సడలియ్యాల" అన్నారు. నాకు చెప్పినట్టు లేదు, తనకు తాను చెప్పుకున్నట్టుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

నాలుగో రోజు ఏకాదశి. ఉపవాసముండి పొద్దున్నే చిన్నాయన ఇంట్లో అల్మరా తుడుస్తున్నాను. వ్యాగన్ పక్కకు జరిపితే, అడుగున బిరడా సందులోంచి దారప్పోగు లాంటిదేదో వేలాడుతోంది. లాగబోయి ఆగాను. తెల్లగా, కొన వంకర తిరిగి, ఎండిపోయి ఉంది. వారానికోసారి ఉలవలు నానబెట్టి గుడ్డలో కట్టే ఆడదాన్ని. అదేమిటో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. మొలక.

నానిన ఉలవ ఎంత ఉబ్బుతుందో, మూత గట్టిగా పెడితే డబ్బానెలా తన్నుతుందో నాకు తెలిసినంత బాగా ఆయనకు తెలియదు. వ్యాగన్ పట్టుకొని మా ఇంటికి వచ్చి దేవుడి గూటి ముందు కూర్చున్నాను. ఎవరూ చూడలేదు. ఆ మొలకను తుంచేసి, సూదితో గింజలు పొడిచి తీసేసి, వ్యాగన్ కడిగేస్తే ఈ లోకంలో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లుగా ఎవరూ వేలెత్తి చూపని ఆయన పేరు నిలుస్తుంది. నా మాటా బయటపడదు. ఆ ఆలోచన నాకు వచ్చిందని ఒప్పుకోవడానికి సిగ్గుపడను. అది ఎక్కువసేపు నిలవకుండా చేసినందుకు స్వామికి రుణపడి ఉన్నాను. తలుపు దగ్గర నిలబడి మజ్జిగ వద్దన్న మనిషి ముఖం కళ్లలో మెదిలింది. దీపం వెలిగించి, వ్యాగన్ చేతబట్టుకొని చిన్నాయన దగ్గరకు వెళ్లాను. ఆయన నా వాలకం చూశారు.

"దీపం పెట్టినావా?"

"పెట్టినాను చిన్నాయనా."

"అయితే ఇంక అబద్ధం సెప్పేదానికి లేదు. ఏందో సెప్పు."

చెప్పాను. ఆయన మొలకను చూశారు. బ్లేడు తెమ్మన్నారు. నేను వ్యాగన్ పట్టుకుంటే ఆయన పైకప్పు అతుకు కోయడం మొదలుపెట్టారు. వణికే చేతికి ఆ అతుకు లొంగలేదు. అర్ధగంట పట్టింది. కప్పు ఊడి వచ్చేసరికి లోపల ఉలవలు ఇటుకలా బిగుసుకుపోయి ఉన్నాయి.

"సూసినావా పాపా," అన్నారు మెల్లగా. "గ్లాసెడు నీళ్లు పోసినా. ఒక్క సుక్క కారలేదు. అతుకు లూజుగా ఉండింటే నీళ్లు కారిపోయి ఈ పెట్టె బతికిపోయుండు. అంత గట్టిగా ఏసినందుకు గదా వానికి ఈ గతి పట్టింది."

"తప్పు నాది చిన్నాయనా. అయిందని నేనే గదా సెప్తి."

"నువ్వు సెప్తివి, నేను వింటి. లేచి సూసింటే సరిపోయుండు. గార్డు సూడకుండా జెండా ఊపితే తప్పు గార్డుది. ఈ మాట మల్లా ఎత్తొద్దు."

ఎత్తవద్దన్నారు గనక ఆయన బతికుండగా ఎత్తలేదు. ఇప్పుడు మీ ముందు ఎత్తుతున్నాను. ఆయన మన్నిస్తారు.

అప్పటికప్పుడు సంపాదకులకు ఫోను చేశారు. ఆ నెల సంచిక అప్పటికే అందరికీ చేరిపోయింది, దిద్దుబాటు పై నెలకే వీలవుతుందన్నారు. రెడ్డెప్పకు మూడుసార్లు ఫోను చేశారు. ఎత్తలేదు. ఎత్తకపోవడంలో ఆయన తప్పేమీ లేదు. మరునాడు గురువారం. శుక్రవారం మిషను పోతుంది. ఆ బుధవారమంతా చిన్నాయన బల్ల దగ్గరకు పోలేదు. ఒక కాగితం ముందేసుకొని, నా చేతికివ్వకుండా తన చేత్తోనే, వంకర అక్షరాలతో ఏదో రాసుకున్నారు.

గురువారం పొద్దున బయలుదేరారు. రెండు మూడు రోజులుగా గుండెలో పట్టేసినట్టుందని అంటూనే ఉన్నారు.

"ఆస్పత్రిలో సూపిచ్చుకొని పో చిన్నాయనా. లేకపోతే నేనూ వస్తా."

"వచ్చేటప్పుడు సూపిచ్చుకుంటాలే. తప్పు ఒప్పుకొనేదానికి తోడెందుకు?"

కోసిన వ్యాగన్‌ను, ఉలవల దిమ్మతో సహా, గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నారు. మలుపులో ఒకసారి ఆగి ఊపిరి తీసుకోవడం చూశాను. పిలుద్దామనుకున్నాను. పిలవలేదు.

తర్వాత జరిగింది రెడ్డెప్ప మా నడవలో నిలబడి చెప్పినదే. నేను కలిపినది ఏమీ లేదు.

"వాకిట్లోనే నిలబడ్డాడమ్మా. లోపలికి రమ్మంటే రాలా. నా పెండ్లాము ఉండాది, పక్కింటి మగ్గమోళ్లు ఇద్దురు ఉండారు. అందురి ముందర గుడ్డ విప్పి సూపిచ్చి, 'నీ పెట్టెలో తప్పు లేదు రెడ్డెప్పా. తప్పు నాది, నా గోందు నీళ్లది. నువ్వు అడిగినప్పుడు సూపిచ్చింటే ఆ దినమే తెలిసిపోయుండు. అదీ నా తప్పే' అన్న్యాడు. అంత పెద్దాయన. లోపలికి రా సార్ అని చెయ్యి పట్టుకొని తీసకపోతి. కూర్చోమంటే, ఇంకో పెట్టె తియ్యి, మొదట్నుంచీ పరీక్ష చేస్తా అన్న్యాడు. సూసినాడు. కొలిచినాడు. ఇనుప గుండ్లు ఏసి బండి తిప్పమన్న్యాడు. అప్పుడు కూర్చున్న్యాడు. కండ్లు మూసుకున్న్యాడు. ఆయనట్లే గదమ్మా, కండ్లు మూసుకొని ఇంటాడని మీరు రాసినారు గదా. ఇంటాండాడనుకొని నేను బండి నిలపలా. తిరగతానే ఉండాది. ఎన్ని సుట్లు తిరిగిందో. నా పెండ్లాము కాఫీ తెచ్చి, సార్ అని పిలిస్తే..."

ఈసారి మజ్జిగ ఇస్తే తాగాడు.

చొక్కా జేబులో ఉన్న కాగితాన్ని రెడ్డెప్ప మడత విప్పకుండా నా చేతికిచ్చాడు. చిన్నాయన స్వహస్తంతో రాసినది ఇంతే. "గత సంచికలో మూత వ్యాగన్ గురించి నేను రాసినది తప్పు. గోడలు ఉబ్బింది లోపల నా వల్ల నానిన ఉలవలతో. ఇంత గట్టి అతుకు నేను ఎక్కడా చూడలేదు. ఆగండి అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. తయారుచేసిన రెడ్డెప్పనూ, చదివినవారినీ క్షమాపణ కోరుతున్నాను."

కొనవచ్చు అన్న మాట అందులో లేదు. మూడు రోజుల పరుగు పూర్తికానిదే ఆయన ఆ మాట రాయరు. నేను ఆయన పేరు మీద రాయను. కర్మకాండ ముగిశాక రెడ్డెప్ప ఇంకో వ్యాగన్ తెచ్చాడు. చిన్నాయన బల్ల మీద రెడ్డెప్పా, నేనూ కలిసి మూడు రోజులు తిప్పాం. పది తులాల ఇనుప గుండ్లు, బిరడా బిగించి. ప్రతి సాయంత్రం నాలుగుచోట్ల కొలిచాను. మొదటి రోజు అంకే చివరి రోజూ వచ్చింది. పట్టా తప్పలేదు. ఇది తీర్పు కాదు. తీర్పు చెప్పేవారు పోయారు. ఇది నా కళ్లు చూసింది, నా చేతులు కొలిచింది. ఈసారి లేచి చూశాను.

ఆయన స్థానం ఎవరు పూరిస్తారు? కొత్త వ్యాగన్లు ఇంకా వస్తాయి, రాసేవారూ వస్తారు. కానీ తన మాటకు ఇందరు తలవంచుతారని తెలిసీ, ఆ మాట తప్పని తేలిన మర్నాడే, గుండెలో నొప్పి పెట్టుకొని, తాను బాధపెట్టిన మనిషి వాకిట్లో పదిమంది ముందు నిలబడడానికి బస్సెక్కే మనిషిని మళ్లీ ఎక్కడ చూస్తాం? ముందరింట్లో బల్ల అలాగే ఉంది. పొద్దున కాఫీ రెండు గ్లాసుల్లో పోసి, రెండోది ఎవరికని నా చెయ్యి ఆగిపోతోంది. నాకు అక్షరానికి విలువ నేర్పిన ఆ మహానుభావుడికి సాష్టాంగ ప్రణామం చేస్తున్నాను.

శుక్రవారం బెంగళూరు నుంచి వచ్చినవారిని రెడ్డెప్ప వెనక్కి పంపాడు. ఈ సంచిక మీకు అందేదాకా ఆగమని చెప్పాడట. మిషను ఇంకా ఆయన ఇంట్లోనే ఉంది. ఎన్నాళ్లుంటుందో నేను చెప్పలేను. అది మీ చేతుల్లో ఉంది. చిన్నాయనను మీరు ఎటూ మరిచిపోరు, ఆయన కోసం నేను మిమ్మల్ని ఏమీ అడగను. ఆగండి అన్న ఆ పాత సంచిక మీలో చాలామంది ఇళ్లల్లో ఇంకా ఉంటుంది. దాన్ని తీసినప్పుడల్లా, ఏ తప్పూ చేయకుండా ఆ నాలుగు వాక్యాల కింద నలిగినా, చివరి ఘడియలో మా చిన్నాయన చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయిన మదనపల్లె రెడ్డెప్పను గుర్తుపెట్టుకోండి.